విశేషాలేం లేవమ్మా... అంతా మామూలే!

అమెరికా నుంచి కొడుకు ఫోన్‌ చేస్తాడు. ‘ఏంటమ్మా విశేషాలు?’ అంటాడు. ‘ఇక్కడేముంటాయిరా, నువ్వే చెప్పాలి’ అంటుంది అమ్మ. ‘ఇక్కడా అంతే... మామూలే’ అంటాడతను. ఫోన్‌ పెట్టేస్తారు. చెప్పుకోవాల్సిన కబుర్లన్నీ ఆ ‘మామూలు’లోనే ఉండిపోతాయి!

ఉదయం ఆరున్నర. కొండాపూర్‌ బొటానికల్‌ గార్డెన్‌. హైటెక్‌సిటీకి వెళ్లే కార్లూ క్యాబులూ ఇంకా రోడ్డెక్కలేదు. నడక ముగించిన పెద్దవాళ్లు నలుగురైదుగురు చెట్ల కింద బెంచీల మీద కూలబడ్డారు. ఒకాయన జేబులో ఫోన్‌ మోగింది.

‘డల్లాస్‌’ అన్నారు పక్కాయన, ఫోన్‌ వంక చూడకుండానే.

అదెలా తెలిసిందండీ అంటే నవ్వారు. ‘ఎండాకాలం కదమ్మా. అక్కడిప్పుడు రాత్రి ఎనిమిది. భోజనాలు అయ్యుంటాయి. ఎనిమిదిన్నరకి మోగిందనుకోండి... అది కాలిఫోర్నియా. మావాడు అక్కడే.’

ఈ బెంచీల మీద కూర్చునేవాళ్లకి అమెరికా గడియారం కొట్టినపిండి. మార్చి రెండో ఆదివారం అక్కడ గంట ముందుకు జరుపుతారనీ, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తిప్పుతారనీ, ఏకాదశి ఎప్పుడో చెప్పినంత తేలిగ్గా చెబుతారు. నవంబరు దాటితే ఫోన్లు ఇక్కడ గంట ఆలస్యంగా మోగుతాయి. వాటితోపాటే వీళ్ల నడక కూడా గంట వెనక్కి జరుగుతుంది!

ఫోన్‌ అయితే వస్తుంది. మరి ఏం మాట్లాడుకుంటారు? వినకూడదనుకుంటూనే విన్నాను. ‘తిన్నావా? పిల్లలు పడుకున్నారా? ఆఫీసెలా ఉంది? అమ్మ బీపీ మాత్ర వేసుకుంటోందా?’ అటు నాలుగు ప్రశ్నలు, ఇటు నాలుగు ప్రశ్నలు. అన్నిటికీ ‘ఆఁ... ఆఁ...’ అని జవాబు. ‘ఇంకేంటి విశేషాలు?’ ‘ఏం లేవు, అంతా మామూలే.’ ‘సరే అయితే, ఉంటా.’

నాలుగు నిమిషాలు పట్టలేదు. ఫోన్‌ జేబులో పెట్టుకున్నాక ఆయన మళ్లీ తీసి, తెర మీద మనవరాలి ఫొటో కాసేపు చూసుకున్నారు.

మీటరు తిరిగిన రోజులు

ఈ అలవాటు నిన్నమొన్నటిది కాదు. సైబర్‌ టవర్స్‌ను నాటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబరు 22న. అప్పుడు మాదాపూర్‌ అంటే రాళ్లూ గుట్టలే. ఆ రోజుల్లో ‘వైటూకే’ పుణ్యమా అని విమానమెక్కిన కుర్రాళ్లతో మాట్లాడాలంటే ఎస్టీడీ, ఐఎస్‌డీ బూత్‌కి వెళ్లాలి. అద్దాల గది, చేతిలో రిసీవరు, కళ్ల ముందు ఎర్ర అంకెల మీటరు. అది గిర్రున తిరుగుతుంటే అమ్మ గొంతు దానంతటదే పొట్టిగా అయిపోయేది. పెళ్లి కుదిరిందా, వీసా వచ్చిందా, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా... అలాంటివే చెప్పాలి. పెరట్లో సన్నజాజి పూసిందని చెప్పడానికి డబ్బులెవరు పోస్తారు!

విదేశీ కాల్స్‌ మీద వీఎస్‌ఎన్‌ఎల్‌ ఏకఛత్రాధిపత్యం 2002లో ముగిసింది. ఇంటర్నెట్‌లో మాట్లాడుకోవడానికి అదే ఏడాది ఏప్రిల్‌లో అనుమతి వచ్చింది. 2016 నవంబరు నుంచి వాట్సప్‌లో ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకుంటున్నాం. వీసా ఇంటర్వ్యూ కోసం చెన్నై రైలెక్కే బాధ కూడా 2008 అక్టోబరులో బేగంపేటలో అమెరికా కాన్సులేట్‌ తెరవడంతో పోయింది. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడకు, ఐటీ కంపెనీల మధ్యకే వచ్చేసింది. చిలుకూరు బాలాజీకి ముందు పదకొండు, కోరిక తీరాక నూటెనిమిది ప్రదక్షిణలు మాత్రం అలాగే ఉన్నాయి.

అన్నీ దగ్గరయ్యాయి. మాటలు మాత్రం ఆ అద్దాల గదిలోనే ఉండిపోయాయి.

మాస్టారి నోటు పుస్తకం

ఆ బెంచీ మీది పెద్దల్లో ఒకరు లెక్కల మాస్టారు. గుంటూరు జిల్లాలో ముప్ఫయ్యేళ్లకు పైగా పాఠాలు చెప్పి రిటైరయ్యారు. కొత్తగూడలో కొడుకు కొన్న ఫ్లాట్‌లో భార్యాభర్తలిద్దరే ఉంటున్నారు. కొడుకు కుటుంబం డల్లాస్‌ శివార్లలో. రెండేళ్ల కిందట ఆర్నెల్ల కోసం అక్కడికి వెళ్లారు. మన పెద్దవాళ్లందరిలాగే మొదటి పది రోజులూ ఇల్లు చూసి మురిసిపోయారు. పదకొండో రోజు నుంచి గోడలు చూస్తూ కూర్చున్నారు. కారు నడపడం రాదు. నడిచి వెళ్దామంటే కొట్టు లేదు, టీ బండి లేదు. చివరికి కోడలే ఓ రూళ్ల పుస్తకం చేతిలో పెట్టి ‘రోజుకో కొత్త సంగతి రాయండి మామయ్యా, సాయంత్రం వచ్చి చదువుతా’ అంది.

మాస్టారు లెక్కలాయన. కవిత్వం ఇష్టం లేదు. చూసింది చూసినట్టు రాశారు. అడిగితే కాస్త మొహమాటపడి ఆ పుస్తకం ఇచ్చారు.

‘మంగళవారం. చెత్తబండి వచ్చింది. ఇళ్ల ముందు డబ్బాలు వరసగా పెట్టారు. బండికి ఇనప చెయ్యి ఉంది. డ్రైవరు దిగడు. ఆ చెయ్యే డబ్బా ఎత్తి కుమ్మరించి మళ్లీ అక్కడే పెడుతుంది. నేను చెయ్యి ఊపాను. అతనూ ఊపాడు. ఈ వారంలో నేను పలకరించిన బయటి మనిషి ఇతనొక్కడే.’

‘బడి బస్సు ఆగింది. పక్క నుంచి ఎర్ర పలక బయటికొచ్చింది. అటూ ఇటూ కార్లన్నీ ఆగాయి. ఒక్క పిల్ల కోసం. ఆ పిల్ల సగం దారిలో నిలబడి బూటు లేసు కట్టుకుంది. ఎవరూ హారన్‌ కొట్టలేదు.’

‘ఆవిడ పప్పులో పోపు పెట్టింది. ఎండుమిర్చి వేగేసరికి ఇల్లంతా కూత. పొగ వస్తే మోగే యంత్రం. కోడలు కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసిరింది. మనవడు గదిలోంచి కేకేశాడు... నానమ్మ పప్పు రెడీ!’

‘రాత్రి ఎనిమిదిన్నర. ఇంకా ఎండ ఉంది. సంధ్యాదీపం ఎప్పుడు పెట్టాలో ఆవిడకు తెలియడం లేదు. భోంచేసి దీపం పెట్టింది.’

ఇలా నవ్వుకుంటూ పేజీలు తిప్పుతుంటే ఒకచోట చెయ్యి ఆగిపోయింది. ‘రాత్రి పన్నెండు దాటింది. మంచినీళ్లకి లేచాను. వాడు వంటింటి బల్ల దగ్గర చీకట్లో కూర్చుని కంప్యూటర్‌లో మాట్లాడుతున్నాడు. మీటింగట. రెండింటికి పడుకున్నాడు. ఏడింటికి లేచి పిల్లాణ్ని బడికి తీసుకెళ్లాడు. వారంలో మూడు రోజులు ఇంతేనట. ఫోన్‌లో ఎప్పుడూ ఆఫీసు బాగానే ఉంది నాన్నా అంటాడు.’

అక్కడ అర్ధరాత్రి అంటే మనకు పొద్దున్న పదిన్నర. అతను మాట్లాడుతున్నది హైటెక్‌సిటీలోని తన టీముతో. ఆ ఆఫీసు మాస్టారి ఫ్లాట్‌కి రెండు కిలోమీటర్లు!

తిరిగి వచ్చాక మాస్టారి ఫోన్ల తీరు మారిపోయింది. ‘విశేషాలేంటి’ అనడం మానేశారు. ‘మంగళవారం చెత్తబండి వచ్చిందా?’ అని అడిగారు ఓసారి. కొడుకు పడీపడీ నవ్వాడట. వారం తిరిగేసరికి తనే చెప్పాడట... ‘డ్రైవరు మారాడు నాన్నా. ఇప్పుడొక ఆవిడ వస్తోంది.’ ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నా, డబ్బా ఎవరు ఎత్తుతున్నారో అతను చూడటం అదే మొదటిసారి. ‘రాత్రి మీటింగు ఎన్నింటికయింది?’ అని కూడా మాస్టారు అడుగుతారు. ఇప్పుడు దానికి ‘బాగానే ఉంది’ అని జవాబు రావడం లేదు, ఎన్నింటికో చెబుతున్నాడు.

అమ్మ చెప్పింది... నేను వినలేదు

ఇంతకీ ఈ సంగతి మీద నాకెందుకింత పట్టుదల అంటారా? చెప్పాలి.

2009 నుంచి రెండేళ్లు మేం న్యూజెర్సీలో ఉన్నాం. అమ్మానాన్నలు కూకట్‌పల్లిలో. ప్రతి ఆదివారం ఫోన్‌ చేసేదాన్ని. ఒక వారం అమ్మ అంది, ‘మీ నాన్న మళ్లీ గుమ్మం తగిలించుకున్నారే’ అని. ఇంకోవారం, ‘పక్కనే పెట్టిన నీళ్లగ్లాసు చెయ్యి తగిలి పడేశారు. చూసుకోరు కదా!’ అంది. ఆ తర్వాతెప్పుడో, ‘సాయంత్రం వాకింగ్‌ మానేశారు. వీధిలైట్లు సరిగా వెలగడం లేదంటారు’ అంది. అన్నిటికీ నేను ‘అవునా...’ అని, ఒక్క క్షణం ఆగి, ‘సరే, ఇంకేంటమ్మా విశేషాలు?’ అనేదాన్ని. గుమ్మం తగలడం విశేషం కాదు కదా!

2011లో తిరిగొచ్చాం. శంషాబాద్‌ ఎయిర్‌పోర్టులో నాన్న రెయిలింగ్‌ పట్టుకుని నిలబడ్డారు. పక్క నుంచి వెళ్లి భుజం మీద చెయ్యేశాను. ఉలిక్కిపడ్డారు. తల పూర్తిగా తిప్పి నా ముఖం ఎదురుగా వచ్చేదాకా నేనెవరో ఆయనకు తెలియలేదు.

గ్లకోమా అన్నారు కంటి డాక్టరు. మనవాళ్లు నీటికాసులంటారు. నొప్పి ఉండదు. ముందు పక్కచూపు పోతుంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి మనిషికి తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందుతో ఉన్నదాన్ని కాపాడుకోవడమే. ‘గడపలు తగలడం, చీకట్లో తడుముకోవడం... ఎన్నాళ్ల నుంచి?’ అని అడిగారాయన. నాన్న నా వంక చూశారు. అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. జవాబు నాకు తెలుసు. నెలలతో సహా చెప్పగలను. ఆదివారాలన్నీ గుర్తున్నాయి.

‘పోనీలేవే, ఎదురుగా ఉన్నవాళ్లు కనిపిస్తున్నారుగా’ అన్నారు నాన్న, ఆస్పత్రి మెట్లు దిగుతూ. ఆఖరి మెట్టు దగ్గర నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

(నలభై దాటినవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నవాళ్లు, కళ్లజోడు కోసం వెళ్లినప్పుడే కంట్లో ఒత్తిడి కూడా చూపించుకోవాలని డాక్టర్లు చెబుతారు. ఈ మాట ఇక్కడ రాయకపోతే అమ్మ ఊరుకోదు.)

మా తమ్ముడు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. ఇప్పుడు వాడు ఫోన్‌ చేస్తే ముందు అడిగేది ‘ఇవాళ కూరేంటి?’ అని. ‘బెండకాయ’ అంటే ‘ఎవరు తరిగారు?’ అంటాడు. ‘మీ నాన్నే’ అంటే ‘లావుగానా, సన్నగానా?’ అంటాడు. మొదట్లో అమ్మ విసుక్కునేది. ఇప్పుడు వాడు అడగకముందే ముక్క కెమెరాకి దగ్గరగా పెట్టి చూపిస్తోంది!

ముగ్గు ఫొటో

మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఓ జర్మన్‌ ఇంజినీరు ఉంటాడు. గచ్చిబౌలిలో ఉద్యోగం. ఊరు స్టట్‌గార్ట్‌. వచ్చిన కొత్తలో, చెయ్యి అడ్డం పెడుతూ రోడ్డు దాటడం నేర్చుకోవడానికే అతనికి నెల పట్టిందట. ఇస్త్రీ బండి మీద బొగ్గుల పెట్టెను వీడియో తీసుకున్నాడు. కానీ అతనికి బాగా నచ్చింది మాత్రం ఎదురు ఫ్లాటావిడ గుమ్మం ముందు వేసే ముగ్గు. పొద్దున్నే ఫొటో తీసి వాళ్లమ్మకి పంపుతాడు. అక్కడామె నిద్రలేచేసరికి హైదరాబాద్‌ ముగ్గు సిద్ధంగా ఉంటుంది. ఓసారి మూడు రోజులు ముగ్గు రాలేదు. ‘ఆమెకేమైంది?’ అని స్టట్‌గార్ట్‌ నుంచి మెసేజ్‌! వెళ్లి అడిగితే జ్వరమట. ఇతను కొబ్బరిబోండాలు తీసుకెళ్లి ఇచ్చాడు.

తొమ్మిదేళ్లు సియాటిల్‌ దగ్గర ఉండి, పిల్లల చదువుల కోసం రాయదుర్గం వచ్చేసిన ఓ సాఫ్ట్‌వేర్‌ అమ్మాయిది ఇంకో కథ. ‘అక్కడున్నన్నాళ్లూ ఇక్కడి పానీపూరీ గురించే ఆలోచించానక్కా. డిసెంబర్‌లో నాలుగున్నరకే చీకటి పడుతోందని తిట్టుకున్నానే కానీ, ఆ తుంపర్లో గొడుగు లేకుండా నడిచే మనుషుల్ని సరిగ్గా చూడలేదు. బస్సు దిగేటప్పుడు అందరూ డ్రైవరుకి థ్యాంక్యూ చెబుతారు. అదొక్కటే నాతో వచ్చింది’ అంది. మొన్న ఆటో దిగి అలవాటుగా ‘థ్యాంక్సన్నా’ అందట. అతను కంగారుగా చేతిలో నోటు చూసుకుని ‘ఏమ్మా, ఎక్కువిచ్చినవా?’ అన్నాడట!

మళ్లీ బెంచీ దగ్గరికి

ఈ కథనం రాసే ముందు ఇంకోసారి బొటానికల్‌ గార్డెన్‌కి వెళ్లాను. ఆరూ నలభైకి మాస్టారి ఫోన్‌ మోగింది. వీడియో కాల్‌. కొడుకు వంటింట్లో గిన్నెలు తోముతూ మాట్లాడుతున్నాడు. ‘నాన్నా, ఇవాళ బెంచీ మీద ఎవరెవరున్నారు?’ అన్నాడు. మాస్టారు ఫోన్‌ అటు తిప్పారు. ఒక్కొక్కరే చెయ్యి ఊపారు.

‘బ్యాంకు అంకులేరీ?’

మాస్టారు పక్కకి చూశారు. బెంచీ చివర ఖాళీగా ఉంది. ‘నిన్న కూడా రాలేదురా’ అన్నారు. ‘మొన్న?’ ‘మొన్న...’ మాస్టారు పక్కనున్నవాళ్ల వంక చూశారు. ఎవరికీ గుర్తులేదు. ‘ఆయన కూతురు కెనడాలో కదా, ఫోన్‌ చేస్తే బాగానే ఉన్నాననే అంటారు. ఓసారి చూసి రండి నాన్నా’ అన్నాడు కొడుకు.

మాస్టారు ఫోన్‌ జేబులో వేసుకుని, కర్ర అందుకుని లేచారు. ‘వాళ్లది నాలుగో అంతస్తు. లిఫ్టు బాగుచేశారో లేదో...’ అంటూ గేటు వైపు నడిచారు. మిగతా ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఆయన వెనకాలే బయల్దేరారు.