వరిమడిలో నత్రజని

ఓరుగల్లు సీమ చెఱువుల సీమ. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి పాలించిన కాలమున (1199–1262) నిర్మింపబడిన పాకాల, రామప్ప చెఱువులు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నవి. తూము విడిచిన నీటిని మడిలో నిలువగట్టి, దున్ని, బురదచేసి, రైతు నారు నాటును. ఇంతవఱకు మనమందఱము చూచినదే. కాని నీరు నిలిచిన నాటినుండి ఆ బురదలోపల జరుగు వ్యవహారము కంటికి కానరాదు. రైతు వెలపోసి కొన్న యూరియాలో అధికభాగము పైరునకు అందక ఎటుపోవుచున్నదో తెలియవలెనన్న, ఆ వ్యవహారమును విచారింపక తప్పదు.

వరి పచ్చబడుటకును, పిలకలు పెట్టుటకును, గింజకట్టుటకును నత్రజని కావలెను. మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. అయినను పైరు దానిని గాలినుండి నేరుగ గ్రహింపజాలదు. అది అమ్మోనియంగనో, నైట్రేటుగనో మాఱి వేళ్లకు అందవలెను. ఈ రెండు పేర్లను గుర్తుంచుకొనుడు.

మెట్టనేలలో మట్టిరేణువుల సందులలో గాలి ఆడుచుండును. మడిలో ఆ సందులను నీరు ఆక్రమించును. నీటిగుండ ప్రాణవాయువు చొచ్చుకొనిపోవుట గాలిలోకంటె సుమారు పదివేల రెట్లు నెమ్మది. ఉన్న కొలదిపాటి ప్రాణవాయువును మట్టిలోని సూక్ష్మజీవులు ఒకటిరెండు దినములలోనే వాడివేయును. అంతట బురద రెండు పొరలుగ విడిపోవును. పైనున్న పొర కొలది మిల్లీమీటర్ల మందమే. నీటినుండి ప్రాణవాయువు దానికి మాత్రము అందును. దాని క్రిందిదంతయు ప్రాణవాయువు లేని బూడిదరంగు బురద. ఎఱ్ఱచల్క నేలలలో ఈ రంగుమార్పు బాగుగ తెలియును. అట్టిచోట వరి ఎట్లు బ్రతుకుచున్నదని మీరు అడుగవచ్చును. దాని ఆకులనుండి వేళ్లవఱకు గాలిగొట్టములవంటి మార్గములున్నవి. వేళ్లనుండి వెలువడిన ప్రాణవాయువు బురదలోని ఇనుముతో కలియుటచేత వేళ్లపై ఇటుకరంగు పూత ఏర్పడును. ఒక మొక్కను పీకి కడిగి చూడుడు.

క్రిందిపొరలో అమ్మోనియం క్షేమముగ ఉండును. బంకమట్టి రేణువులు దానిని అంటిపెట్టుకొనును. పైపొరలోనే చిక్కు వచ్చును. అచ్చటి సూక్ష్మజీవులు అమ్మోనియంను నైట్రేటుగ మార్చును. నైట్రేటును మట్టి పట్టియుంచదు. అది నీటితోపాటు క్రిందికి దిగును. క్రింద ప్రాణవాయువునకై అలమటించు సూక్ష్మజీవులు నైట్రేటులోని ప్రాణవాయువును లాగికొని, నత్రజనిని వాయువుగ విడిచివేయును. అది బుడగలై గాలిలో కలిసిపోవును. కొంతభాగము నైట్రస్ ఆక్సైడుగ వెడలును. భూమిని వేడెక్కించుటలో అది బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 270 రెట్లు బలమైనది. జపాను శాస్త్రజ్ఞుడు షియోయిరి 1940 ప్రాంతమున ఈ రెండుపొరల రహస్యమును విశదపఱచి, ఎరువును పైన చల్లుటకంటె బురదలోపల కలుపుట మేలని చూపెను.

పాఠ్యపుస్తకములలో నత్రజని చక్రమును బాణపు గుర్తులతో గుండ్రముగ గీయుదురు. ఆ బొమ్మను వల్లించి మార్కులు తెచ్చుకొన్నవారిని పెక్కుమందిని చూచితిని. ఆ బాణములు తమ యింటి మడిలోనే ఉన్నవని గుర్తించినవారు తక్కువ.

ఇంకొక దారియు కలదు. నిలిచిన నీటిలో యూరియా చల్లినచో అది త్వరలోనే అమ్మోనియంగ మాఱును. మిట్టమధ్యాహ్నపు ఎండలో నీటిలోని నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చివేయుటచే నీటికి క్షారగుణము హెచ్చును. అప్పుడు అమ్మోనియం అమ్మోనియా వాయువై ఎగిరిపోవును. గాలి వీచుచున్నచో మఱింత వేగముగ పోవును.

లెక్క చూడుడు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని సుమారు 21 కిలోలు. వరి సాధారణముగ అందులో నూటికి 30 నుండి 40 పాళ్లు మాత్రమే గ్రహించును. అనగా ఆఱు మొదలు ఎనిమిది కిలోలు. మిగిలినదానిలో కొంత మట్టిలో నిలుచును, తక్కినది గాలిపాలో నీటిపాలో అగును. వరంగల్ సన్నాలు వంటి మేలైన విత్తనము వేసినను ఈ లెక్క తప్పదు. అందుచేతనే నీటిని తీసివేసి బురదపదునులో యూరియా చల్లి, 36 నుండి 48 గంటలు గడచిన పిదప పలుచగ నీరు పెట్టవలెనని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఒక్కసారిగ గాక, నాటునపుడు, పిలకల దశయందు, అంకురదశయందు మూడు దఫాలుగ వేయుటయు ఇందులకే. దేశమందు తయారగు యూరియాకంతటికి 2015 నుండి వేపనూనె పూయుచున్నారు. అమ్మోనియం నైట్రేటుగ మాఱుటను వేప మందగింపజేయును.

ఆయకట్టు చివరనున్న రైతునకు కష్టము రెండింతలు. అతని మడి నీరందక ఎండును; ఎండినపుడు మట్టిలో గాలి ప్రవేశించి అమ్మోనియం నైట్రేటగును. వంతు వచ్చి మరల నీరు నిండగనే ఆ నైట్రేటు వాయువై పోవును. నీటి కొఱత అతనికి ఎరువు కొఱతగను పరిణమించును.

పోవుటయే కాదు, వచ్చుటయు కలదు. నిలిచిన నీటిలో పెరుగు నీలియాకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి మడికి ఇచ్చునని 1939లో పి. కె. డే అను భారతీయ శాస్త్రజ్ఞుడు నిరూపించెను. అజొల్లా అను నీటిమొక్క ఆకులలోను ఇట్టి నాచే కాపురముండును. జీలుగ వేళ్లపై బుడిపెలలోని సూక్ష్మజీవులదియు ఇదే పని. పూతకు రాగానే దానిని మడిలో కలియదున్నినచో, అది క్రుళ్లుచు నెమ్మదిగ అమ్మోనియంను విడుచుచుండును. ఆ అమ్మోనియం క్రిందిపొరలో, వేళ్ల చెంతనే పుట్టును.