ఆగిన కారును లాగించుట

బంజారా హిల్సు పేరునకు తగినట్లు కొండనేలయే. బంజారాల తండాలును బండరాళ్లును గల యీ గుట్టలపై నిజాముల కాలమున మెహదీ నవాజ్ జంగుగారు ఇల్లు కట్టుకొనిరి. నేడు మేడలు లేచినవి గాని, ఏటవాలు పోలేదు. ఒకటవ నంబరు రోడ్డున పంజాగుట్టవైపు దిగుచున్న కారు నడుమ నాగిపోయెనా, దానిని త్రాటితో లాగించుకొనిపోవుట సమతలమున లాగించినంత సులభము కాదు.

ఇట్టి సమయమున సాధారణముగ ముందుబండిని భర్తయో మఱదియో నడుపును. ఆగిన బండిలో చక్రము పట్టుకొని కూర్చుండుట యిల్లాలి వంతగును. "నీవు ఊరక కూర్చుండుము, లాగువాడను నేను గదా" యని ధైర్యము చెప్పుదురు. నిజమునకు రెండింటిలో వెనుకబండి పనియే కష్టతరము.

బ్రేకునకు బలము నిచ్చునది ఇంజను. అది నిలిచిన పిమ్మట రెండు మూడు సారులు మాత్రమే పెడలు మెత్తగా దిగును. తరువాత రాయివలె బిగియును. అప్పుడును బ్రేకు పనిచేయును గాని, కాలి బలమంతయు వినియోగింపవలెను. స్టీరింగును బరువగును. కావున ముందుగానే సీటు దగ్గఱకు జరుపుకొని, ఎత్తుమడమల చెప్పులు విడిచి, ఒకసారి నొక్కి చూచుకొనవలెను. బ్రేకే చెడి యాగిన కారును త్రాటితో లాగించుటకు, ఎంతటివారు చెప్పినను, సమ్మతింపరాదు.

తాళపుచెవి తీసినచో స్టీరింగు బిగిసికొనును. దానిని త్రిప్పియే యుంచవలెను. గేరు న్యూట్రలున నుండవలెను. త్రాటిని బంపరునకు గాక, కారుతో నిచ్చు కొక్కెమునకే కట్టవలెను. వాలునందు త్రాడు బిగియువఱకు చేతిబ్రేకు వదలరాదు.

చేతిగేర్ల కారునకు న్యూట్రలు చాలునని పలువు రందురు. కొలదిదూరమున కది సరియే. కాని వెనుకచక్రములను ఇంజను త్రిప్పు కార్లలో గేరుపెట్టెయందలి క్రిందియిరుసే నూనెను పైకి చిమ్మును. ఇంజను ఆగి, గేరు న్యూట్రలున నుండగా అది కదలదు. కవ్వము తిరుగనిదే మజ్జిగ చిందునా? చక్రములవైపు ఇరుసు మాత్రము నూనె లేక తిరిగి అరిగిపోవును. ముందుచక్రములను త్రిప్పు కార్లలో, నేటి చిన్నకార్లు పెక్కు ఇట్టివే, చక్రములతో తిరుగు పెద్ద పండ్లచక్రము నూనెలో మునిగియుండుటచే ఈ బాధ తక్కువ. క్రేను వచ్చినచో ఇంజను త్రిప్పు చక్రములనే పైకెత్తుమని చెప్పవలెను. నాలుగుచక్రములు త్రిప్పు బండిని లారీపై నెక్కించుటయే క్షేమము. దూరమెంత, వేగమెంత యన్నది కారుతో వచ్చిన పుస్తకమున చూచుకొనుడు. ఆ పుస్తకమును బీరువాలో దాచువారే యెక్కువ!

రెండుబండ్ల నడుమ 5 మీటర్లకు మించి యెడము ఉండరాదనియు, వేగము గంటకు 24 కిలోమీటర్లు దాటరాదనియు, లాగబడు బండిలో లైసెన్సు గలవారు కూర్చుండవలెననియు 1989 నాటి రహదారి నియమములు విధించినవి. 2017లో వీనికి బదులు క్రొత్తవి వచ్చినను, ఈ కొలతలు మఱవదగినవి కావు. మన వాలులలో ఆ వేగమును అధికమే.

దిగునప్పుడు వెనుకబండి ముందుదానిపైకి ఉరుకును. త్రాడు సడలి, మరల ఒక్క పెట్టున బిగిసినచో తెగును. వెనుకనున్నవారు బ్రేకును లేతగా నొక్కిపట్టి త్రాటిని ఎల్లప్పుడు బిగువుగ నుంచవలెను. ముందువారు ఆగుటకు చాల ముందే చేయి చూపవలెను. పిల్లలను మాత్రము ఆ బండిలో నుంచక, తోడిచ్చి ఆటోలో ఇంటికి పంపుడు.