ఇసుక నేల మీద కారుకు జాకీ

ఇంటి దగ్గర కారు లేపి కింద పని చేయాలంటే ట్రాలీ జాకీ, ఒక జత స్టాండ్లు, చక్రాలకు అడ్డుపెట్టే చెక్కలు ఉండాలి. ఓడలరేవు లాంటి ఊళ్లో వీటికి తోడు దళసరి ప్లైవుడ్ కూడా కావాలి. వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే ఈ అల్లవరం మండలపు తీరంలో కొబ్బరితోటల మధ్య వాకిళ్లు చాలావరకు ఇసుక నేలలే. జాకీతో వచ్చే సూచనల కాగితం మాత్రం కింద గట్టి గచ్చు ఉందనుకునే మాట్లాడుతుంది.

చిన్న కారు బరువు దాదాపు 800 నుంచి 1,000 కిలోలు. ఇంజను ముందుంటుంది గనుక అందులో సగానికి మించి ముందు చక్రాల మీదే ఉంటుంది. ముందు భాగం లేపితే దాదాపు 500 కిలోలు జాకీకున్న నాలుగు చిన్న ఇనప చక్రాల మీద పడతాయి. అవి నేలను తాకేది కొన్ని చదరపు సెంటీమీటర్ల మేరే కాబట్టి ఇసుకలో దిగబడతాయి. అదే బరువు 60 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల పొడవున్న చెక్క మీద పరుచుకుంటే చదరపు సెంటీమీటరుకు వంద గ్రాములు కూడా పడదు. చెక్క వంగకపోతేనే ఈ లెక్క. అందుకే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు వేయడం మంచిది.

దిగబడటంకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. ట్రాలీ జాకీ చెయ్యి నిట్టనిలువుగా లేవదు, వంపు తిరుగుతూ లేస్తుంది. కారు కదలదు గనుక ఆ తేడా మేరకు జాకీయే తన చక్రాల మీద మెల్లగా దొర్లాలి. ఇసుకలో కూరుకుపోయిన జాకీ దొర్లలేదు. అప్పుడు దాని తల కారును పక్కకు లాగుతుంది, లేదా పట్టు తప్పి జారుతుంది. సిమెంటు చప్టాయో పోర్టికోనో ఉంటే కారును అక్కడికి తీసుకురావడమే మేలు. ఊరి సిమెంటు రోడ్డు గట్టిదే గానీ, బండ్లు తిరిగేచోట కారు కింద దూరడం పిచ్చి ధైర్యం.

జాకీ పని చేసేది పాస్కల్ సూత్రం మీద. 10 మిల్లీమీటర్ల పిస్టను తోసిన నూనె 40 మిల్లీమీటర్ల పిస్టనును లేపితే బలం 16 రెట్లవుతుంది. పొడుగు పిడి దాన్ని ఇంకా పెంచుతుంది. కానీ లేచిన బరువు ఆగేది ఒక రబ్బరు సీలు, ఒక వాల్వు మీద. సీలు అరిగినా, వాల్వులో నలక పడినా కారు కిందికి వచ్చేస్తుంది. పల్లంలో పడిన ఇళ్లను ఎత్తించే పనివారు వందల కొద్దీ స్క్రూ జాకీలు వాడతారు. వాటి మర దానంతటది వెనక్కి తిరగదు.

లేపేముందు కారులోని వారు దిగిపోవాలి, హ్యాండ్ బ్రేక్ వేయాలి, గేరులో పెట్టాలి. ముందు చక్రాలతో నడిచే కార్లలో హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. వెనక భాగం గాల్లో ఉంటే అది ఉన్నా లేనట్టే. ముందు చక్రం ఒక్కటి లేపినా డిఫరెన్షియల్ వల్ల గేరు పట్టు పోతుంది. కాబట్టి నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా చెక్కలు తప్పవు. ఇటుకలు వద్దు, బరువుకు పగులుతాయి. చక్రం విప్పాల్సి ఉంటే, అది నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేయాలి.

జాకీ ఎక్కడ పెట్టాలో కారు పుస్తకంలో ఉంటుంది. ఉప్పుగాలి తగిలే ఊళ్లో తలుపుల కిందున్న అంచు లోపల్లోపలే తుప్పు పడుతుంది. వేలితో నొక్కినప్పుడు పెచ్చులు రాలితే అక్కడ జాకీ పెట్టకూడదు. మంచి రేకు మీదైనా రబ్బరు దిమ్మ వేయాలి.

లేచిన వెంటనే పుస్తకం చూపిన గట్టి చోట్ల రెండు స్టాండ్లు పెట్టి, జాకీని మెల్లగా దించి బరువు వాటి మీదకు మార్చాలి. స్టాండు కాళ్ల కింద కూడా ప్లైవుడ్ వేయాలి, లేదంటే ఒక కాలు దిగి స్టాండు ఒరుగుతుంది. స్టాండునూ గుడ్డిగా నమ్మకూడదు. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ సంస్థ పళ్ల కొక్కెం సరిగా పట్టడం లేదని 3, 6 టన్నుల స్టాండ్లను లక్షల్లో వెనక్కి పిలిచింది. కింద దూరేముందు కారును చేతులతో గట్టిగా ఊపి చూడాలి. విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెడితే మరో ఆసరా.

బీచ్‌లో పంక్చరైతే డిక్కీలోని సిజర్ జాకీ స్టెపినీ మార్చడానికి సరిపోతుంది, కింద చెక్క ఉంటే. దాని మీద ఆగిన కారు కిందికి మాత్రం చెయ్యి కూడా పెట్టకూడదు.

పని అయ్యాక స్టాండ్లు తీసేటంత మేర లేపి, జాకీ వాల్వును కొద్దికొద్దిగా తిప్పుతూ దించాలి. నట్లను ఎదురెదురుగా, చక్రం నేల తాకాక పూర్తిగా బిగించాలి. జాకీని పూర్తిగా దించి, పిస్టను పక్కల తడి తుడిచి, గుడ్డతో నూనె పట్టించి లోపల పెట్టాలి.