టైరుకు చోటిచ్చిన బ్రేకు

ఇటలీ వాయవ్య మూలన పీడ్‌మాంట్ ప్రాంతంలో, సూసా లోయ నుంచి కోల్లె దెల్లె ఫినెస్ట్రె అనే కనుమ మీదికి ఒక దారి ఎక్కుతుంది. పద్దెనిమిదిన్నర కిలోమీటర్ల ఎక్కుడు. సగటు వాలు 9 శాతానికి పైనే. చివరి 8 కిలోమీటర్లకు తారు లేదు, కంకరా మట్టీ మాత్రమే. 2,176 మీటర్ల ఎత్తున కనుమ దాటి కొంచెం దిగితే అస్సియెట్టా బాట తగులుతుంది. సూసా, కీసోనె లోయల నడుమ గట్టు మీదుగా సెస్త్రియేరె దాకా పోయే పాత సైనిక బాట అది. దానికి తారు వేయలేదు. జూలై, ఆగస్టు నెలల్లో బుధ, శనివారాలు పగటిపూట దాని మీదికి మోటారు బండ్లను రానివ్వరు. ఇలాంటి బాటల కోసమే అన్నట్టు ఇప్పుడు ఒక సైకిలు వచ్చింది, గ్రావెల్ బైక్. చూడ్డానికి రేసు సైకిలే: వంపు తిరిగిన హ్యాండిలు, తేలికైన ఫ్రేము. టైర్లు మాత్రం 40, 45 మిల్లీమీటర్ల వెడల్పు. పాత సరుకుకు కొత్త పేరు పెట్టి అమ్ముతున్నారని దీని మీద గట్టి అభియోగమే ఉంది. అందులో సగం నిజం. అవసరం పాతదే. కానీ యంత్రం కొత్తది, ఆ కొత్తదనం ముఖ్యంగా బ్రేకు చోటు మారడంలో ఉంది.

అభియోగం మోపేవాళ్ల దగ్గర సాక్ష్యానికి కొదవ లేదు. 1911లో టూర్ ద ఫ్రాన్స్ మొదటిసారి ఆల్ప్స్‌లోని గాలిబియే కనుమ ఎక్కింది. ముందుగా పైకి చేరింది ఎమీల్ జోర్జె. ఆనాడు ఆ దారికి తారెక్కడిది? కంకర మీద తొక్కడం అప్పుడు ప్రత్యేక క్రీడేమీ కాదు, సైకిలు తొక్కడమంటేనే అది. అంత దూరం ఎందుకు, మన ఊళ్లలో పాలక్యాన్లు మోసిన నల్ల సైకిలు టైరు కొలత 28 ఇంటు ఒకటిన్నర అంగుళాలు, అంటే ఇంచుమించు నేటి గ్రావెల్ టైరంత వెడల్పు. మట్టి రోడ్డుకు వెడల్పాటి టైరు కావాలన్న సంగతి కొత్తగా ఎవరూ కనిపెట్టనక్కర్లేదు. అయితే ఆ సైకిలు బరువు, ఒకే గేరు, ఇనప రిమ్ము మీద వాన పడితే పట్టు తప్పే రాడ్ బ్రేకు, వీటితో కొండ ఎక్కడం ఒక శిక్ష, దిగడం ఇంకో శిక్ష. అందుకే అడగాల్సింది వెడల్పు టైరు ఎప్పుడు పుట్టిందని కాదు. తేలికైన, వేగమైన సైకిలుకు అది ఇన్నాళ్లూ ఎందుకు దక్కలేదని.

జవాబు ఫ్రేములోనే ఉంది. తారు రోడ్లు పరుచుకున్నాక పందెపు సైకిళ్ల టైర్లు సన్నబడ్డాయి, వాటి చుట్టూ ఫ్రేమూ బ్రేకూ బిగుసుకున్నాయి. రేసు సైకిలు బ్రేకు టైరుకు పైనుంచి దిగి, రెండు చేతులతో రిమ్మును రెండు పక్కలా పట్టుకుంటుంది. ఆ చేతులు పొట్టిగా ఉంటేనే పట్టు గట్టిగా ఉంటుంది, పొడుగైతే వంగుతాయి. పొట్టి చేతుల మధ్య పట్టే టైరు మహా అయితే 28 మిల్లీమీటర్లు. అంతకు మించితే బ్రేకుకు రాసుకుంటుంది. అంటే నేల ఏం కోరుతోందన్నదానితో పని లేకుండా, టైరు వెడల్పును బ్రేకే తేల్చేసింది.

ఆ వెడల్పు కంకర మీద ఎందుకంత అవసరం? సన్న టైరులో గాలి గట్టిగా కొడితే సైకిలు వేగంగా పోతుందని చాలాకాలం నమ్మారు. నున్నటి నేల మీద అది కొంతవరకు నిజం: టైరు తక్కువ నలుగుతుంది, నలగడంలో వేడిగా పోయే శక్తీ తగ్గుతుంది. గరుకు నేల మీద లెక్క తిరగబడుతుంది. 100 పీఎస్‌ఐ ఒత్తిడితో గాలి ఉన్న టైరు గోలీకాయంత రాయి ఎక్కినా నలగదు. రాయి టైరులోకి దిగదు గనక సైకిలూ మనిషీ కలిసి పైకి లేవాలి. అలా లేపడానికి పోయిన శక్తిలో చాలా భాగం ముందుకు నడవడానికి తిరిగి రాదు, మనిషి కండల్లో, కొవ్వులో కుదుపుగా కరిగిపోతుంది. తొక్కేవాడికి అది అలసటగా తెలుస్తుంది గానీ, వేగం కూడా తగ్గిందని తోచదు. పైగా ఆ అదురే వేగంగా పోతున్నామన్న భ్రమ పుట్టిస్తుంది. అదే రాయి మీదికి 40 మిల్లీమీటర్ల టైరు 35 పీఎస్‌ఐతో వస్తే, రబ్బరు రాయి చుట్టూ ఒదిగి దాన్ని మింగేస్తుంది. సైకిలు దాదాపు సమంగానే సాగుతుంది. సన్న టైరులో గాలి తగ్గిస్తే చాలదా అంటే, చాలదు. లోతు లేని టైరు రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి, ట్యూబుకు పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. అందుకే ఇప్పుడు ట్యూబే తీసేసి, టైరులో రబ్బరు పాల లాంటి ద్రవం పోస్తున్నారు. ముల్లు గుచ్చుకుంటే గాలితో పాటు ద్రవమూ చిల్లులోకి వచ్చి గడ్డకట్టి మూసేస్తుంది.

ఇక్కడ బ్రేకు మళ్లీ అడ్డొస్తుంది, ఈసారి వేడి రూపంలో. సైకిలూ మనిషీ కలిపి 85 కిలోలనుకుందాం. ఫినెస్ట్రె కనుమ నుంచి సూసా వైపు సుమారు 1,700 మీటర్ల లోతుకు దిగాలి. ఆ దిగుడులో వదిలించుకోవాల్సిన శక్తి 14 లక్షల జౌళ్ల పైచిలుకు, దాదాపు నాలుగు లీటర్ల చన్నీళ్లను మరిగించేంత. తారు మీద గంటకు అరవై కిలోమీటర్లతో దిగేవాడికి గాలే అందులో పెద్ద వాటా తీసుకుంటుంది. కంకర మలుపుల్లో అంత వేగం కుదరదు గనక భారమంతా బ్రేకు మీదే పడుతుంది. రిమ్ము బ్రేకైతే ఆ వేడి పుట్టేది టైరును పట్టుకుని ఉన్న లోహంలోనే. లోపలి గాలి వేడెక్కి ట్యూబు పేలిన సందర్భాలు ఉన్నాయి, కార్బన్ రిమ్ములైతే జిగురు మెత్తబడింది. బ్రేకు దిమ్మెకూ రిమ్ముకూ మధ్య ఇరుక్కున్న ఇసుక ప్రతి దిగుడులోనూ రిమ్మును అరగదీస్తుంది. డిస్క్ బ్రేకు ఈ పనిని చక్రం అంచు నుంచి ఇరుసు దగ్గరికి తెచ్చింది. 160 మిల్లీమీటర్ల ఉక్కు పళ్లెం ఎంత కాలినా టైరు దూరంగానే ఉంటుంది. బ్రేకుకు రిమ్ముతో సంబంధం తెగింది కాబట్టి, ఒకే ఫ్రేములో పెద్ద చక్రానికి 40 మిల్లీమీటర్ల టైరు, కావాలంటే చిన్న చక్రానికి ఇంకా లావు టైరు వేసుకోవచ్చు. రిమ్ము బ్రేకుతో ఇది కుదరదు, చక్రం చిన్నదైతే దిమ్మెకు రిమ్ము అందదు.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. ఫ్రాన్సులో రెనె హెర్స్, అలెక్స్ సింజే వంటి పనివాళ్లు గత శతాబ్దం నడిమి కాలంలోనే తేలికైన ఫ్రేములకు 40 మిల్లీమీటర్ల టైర్లు వేశారు, ఫ్రేముకే అతికించిన కాంటిలివర్ బ్రేకులతో ఆపారు. ఆ సైకిళ్లు ఆల్ప్స్ కనుమలెన్నో దాటాయి. కాదనలేం. గ్రావెల్ బైకుకు అసలు తాతలెవరంటే నా మట్టుకు వాళ్లే. కానీ ఆ బ్రేకుకు కూడా వేడీ ఇసుకా తప్పలేదు. పైగా అవి ఒక్కొక్కటిగా చేతితో చేసిన ఖరీదైన సైకిళ్లు, ఫ్యాక్టరీలు మాత్రం పందెగాళ్లను చూసి సైకిళ్లు చేశాయి. పందెపు నిబంధనలు కొత్తదాన్ని ఎప్పుడూ ఆలస్యంగానే ఒప్పుకున్నాయి: గేరు మార్చే డిరైలరును టూర్ ద ఫ్రాన్స్ 1937 దాకా రానివ్వలేదు. డిస్క్ బ్రేకుల కథలో ఇంకో తమాషా జరిగింది. 2010లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య బురద, గడ్డి నేలల మీద సాగే సైక్లోక్రాస్ పందేలకు వాటిని అనుమతించింది, టైరు వెడల్పును మాత్రం 33 మిల్లీమీటర్ల దగ్గరే ఆపింది. చోటు దొరికింది గానీ దాన్ని నింపే హక్కు దొరకలేదు. అప్పటికే అమెరికాలోని కాన్సస్‌లో, ఎంపోరియా ఊరి చుట్టూ చెకుముకిరాళ్ల బాటల మీద 2006 నుంచి 200 మైళ్ల పందెం నడుస్తోంది. దాని టైర్లకు కొలత పెట్టే సమాఖ్య ఏదీ లేదు. ఆ చోటును వాడుకున్నది అక్కడి పందెగాళ్లే.

గేర్ల సంగతి బ్రేకంత ముఖ్యం కాదు గానీ ఎక్కుడు మీద దాన్ని వదలలేం. 9 శాతం వాలున్న కంకర మీద గంటకు 8 కిలోమీటర్లతో ఎక్కడానికి ఇంచుమించు 200 వాట్లు కావాలి. సాధన ఉన్న మనిషికి అది అందుతుంది. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒకే చుట్టు తిరిగే గేరులో ఆ వేగానికి కాళ్లు నిమిషానికి అరవై చుట్లు తిరుగుతాయి, కూర్చునే తొక్కొచ్చు. చక్రం రెండు చుట్లు తిరిగే పాత గేరులో అదే వేగానికి ముప్పై చుట్లే వస్తాయి. అంటే లేచి నిలబడి బరువంతా పెడలు మీద వేయాలి. తారు మీద నిలబడి తొక్కినా నడుస్తుంది. కంకర మీద నిలబడితే వెనక చక్రం మీది బరువు ముందుకు జరిగి, టైరు రాళ్ల మీద జారి ఉన్నచోటే తిరుగుతుంది. చిన్న గేరు సుఖం కోసమనుకుంటారు గానీ, ఇక్కడ అది పట్టు కోసం.

మౌంటెన్ బైకు ఉండగా ఇదెందుకన్నవాళ్లకు జవాబు అస్సియెట్టా లాంటి బాటే చెబుతుంది. సైన్యం సామాను తరలించడానికి వేసిన దారుల్లో గుండ్రాళ్లూ గెంతులూ ఉండవు, చిన్న కంకర మైళ్ల తరబడి ఉంటుంది. దాన్ని మింగడానికి లావు టైరు చాలు, స్ప్రింగులున్న ఫోర్కు మోసే బరువుకు అక్కడ పెద్దగా పని దొరకదు. ఇంకా మొరటు బాటలకు మౌంటెన్ బైకే మేలు. ఇప్పుడు గ్రావెల్ బైకులకు కూడా స్ప్రింగు ఫోర్కులు తగిలించడం నాకు అనవసరపు హంగుగానే కనిపిస్తుంది.

ఆఖరి ఆక్షేపణ ఇటలీ సైకిలు పందెం జిరో డి ఇటాలియా నుంచి వస్తుంది. ఆ పందెం 2005లో మొదటిసారి ఫినెస్ట్రె ఎక్కినప్పుడు వాడింది రోడ్డు సైకిళ్లే కదా? 2018లో క్రిస్ ఫ్రూమ్ ఆ కంకర మీదే అందర్నీ వదిలేసి దాదాపు 80 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి గెలిచింది కూడా రోడ్డు సైకిలు మీదే. నిజమే. వాళ్ల వెనక మారు చక్రాలతో జట్టు కారు ఉంటుంది, ముందు రోడ్డు ఖాళీగా ఉంటుంది. విడిగా వచ్చేవాడికి ఆ రెండూ ఉండవు. అదీగాక ఫ్రూమ్ సైకిలుకు ఉన్నవి రిమ్ము బ్రేకులు. 2025లో అదే ఎక్కుడు మీద సైమన్ యేట్స్ జిరో మొత్తాన్నీ తనవైపు తిప్పుకున్నాడు. అతని రోడ్డు సైకిలుకు డిస్క్ బ్రేకులున్నాయి. అప్పటికి పెద్ద పందేల్లో 28 మిల్లీమీటర్ల టైరు మామూలైపోయింది, చాలామంది ఇంకా వెడల్పువైపు జరుగుతున్నారు.