ఇల్లు సరే... కాలనీ చూశారా?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో దానికి ఇంకో మాట కలపాలి. కొత్త ఊళ్లో కాలనీ ఎంచి చూడు అని!

హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక, నగరం అంచున ఉన్న పల్లెలు పల్లెల్లా లేవు. ఘట్‌కేసర్, మేడ్చల్, శంషాబాద్, శంకర్‌పల్లి, పటాన్‌చెరు... ఎటు పోయినా పొలాలు ఉన్నచోట కాలనీలు, కాలనీల చివర మళ్లీ కొత్త కాలనీల బోర్డులు. మేముంటున్న అమీన్‌పూర్ మొన్నమొన్నటి దాకా గ్రామ పంచాయతీ. 2018లో మున్సిపాలిటీ అయింది. మా వారికి పటాన్‌చెరు వైపు బదిలీ కావడంతో వరంగల్ నుంచి ఇటు వచ్చాం. ఇల్లు కుదుర్చుకునే ముందు ఇద్దరం నాలుగు నెలల్లో తొమ్మిది కాలనీలు తిరిగాం. అప్పుడు తెలుసుకున్నవి, ఇక్కడి ఆడవాళ్లు చెప్పినవి కలిపి రాస్తున్నాను. ఊరు మారబోతున్న వారికి పనికొస్తాయి.

వంటిల్లు ఇరుకైతే గోడ కొట్టించుకోవచ్చు. రంగు నచ్చకపోతే వేయించుకోవచ్చు. వీధిని మాత్రం మార్చలేం. మగవాళ్లు పొద్దున ఎనిమిదింటికి వెళ్తే రాత్రి ఎనిమిదింటికి వస్తారు. పగలంతా ఆ వీధిలో గడిపేది మనం, పిల్లలు, ఇంట్లో పెద్దవాళ్లు. ఉద్యోగం చేసే ఆడవాళ్లకైనా నీళ్లు పట్టడం, పాలు, కూరలు, పిల్లల బడి బస్సు తప్పవు కదా. మరి ఇల్లు చూడడానికి మనల్ని ఎప్పుడు తీసుకెళ్తారు? ఆదివారం సాయంత్రం, ఏజెంటు కారులో, అడ్వాన్సు ఇచ్చేశాక! అందుకే ముందే అడగండి. "నేనూ వస్తాను, ఒక్కసారి కాదు మూడుసార్లు చూస్తాను" అనండి.

నీళ్ల సంగతి ముందు

ఇంటివాళ్లు "నీళ్లకు కొదవ లేదండీ" అంటారు. నవంబరులో ఎవరికీ కొదవ ఉండదు. అడగాల్సింది మే నెల మాట. మంజీరా పైపు కాలనీ గేటు దాకా వచ్చిందా, ఇంటి నల్లా దాకా వచ్చిందా? రోజూ వదులుతారా, రోజు విడిచి రోజా? ఏ టైముకు? రాత్రి రెండింటికి వదిలితే లేచి పట్టుకునేది ఎవరో చెప్పనక్కర్లేదు. సంపు ఎంత పెద్దది, ఎన్ని ఇళ్లకు ఒక బోరు, అది ఎన్ని అడుగులు? ఎండాకాలంలో నెలకు ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తారు? ఆ ఖర్చు అద్దెలో కలిపి చూసుకుంటే, చవక అనుకున్న ఇల్లు చవక కాదని తెలుస్తుంది. మా ఆడపడుచు వాళ్ల అపార్టుమెంటులో వేసవి వచ్చిందంటే మెయింటెనెన్సు రెట్టింపు, ట్యాంకరు దగ్గర రోజూ ఒక గొడవ.

నీళ్లు ఉంటే చాలదు, మంచివి కావాలి. పటాన్‌చెరు, బొల్లారం వైపు ఫ్యాక్టరీల వ్యర్థాలతో నేలలోని నీరు పాడైందన్న కేసు 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాబట్టి ఇటువైపు బోరు నీళ్లను పరీక్ష చేయించకుండా తాగడానికి వాడకండి. వంటకు సంబంధించి మాత్రం ఒక చిన్న పరీక్ష మనమే చేసుకోవచ్చు. పరీక్షలో నీళ్లు వంటకు పనికొస్తాయని తేలాక, ఆ ఇంటి బోరు నీళ్లు ఒక సీసాలో తెచ్చుకోండి. గుప్పెడు కందిపప్పు ఆ నీళ్లతో, గుప్పెడు మీ ఇంటి నీళ్లతో విడివిడిగా ఉడకబెట్టండి. సుద్ద ఎక్కువున్న నీళ్లలో పప్పు త్వరగా మెత్తబడదు. సబ్బు నురగ రాదు. స్నానాల గదిలో నల్లా చుట్టూ తెల్లగా పొక్కు కట్టిందేమో చూడండి. గీజరు ఎన్నాళ్లకు పాడవుతుందో ఆ పొక్కే చెబుతుంది. నేను రెండు కాలనీలను పప్పుతోనే పక్కన పెట్టాను. మా వారు నవ్వారు గానీ, కాదనలేదు.

వాన నీరు ఎటు పోతుంది?

మా అమీన్‌పూర్ పెద్ద చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చలికాలంలో పొద్దున్నే పక్షులను చూడడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఇంత అందం పక్కన ఉంటే ప్లాట్లు అమ్మేవాళ్లు ఊరుకుంటారా? చెరువు కనపడేలా ఇల్లు అని పెద్ద బోర్డు పెడతారు. మన ఇంటికి చెరువు కనపడితే, చెరువుకూ మన ఇల్లు కనపడుతుంది. అది మరిచిపోవద్దు.

2020 అక్టోబరు 13న కురిసిన వానకు హైదరాబాదులో ఎన్నో కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. బియ్యం, పరుపులు, పిల్లల పుస్తకాలు, ఫ్రిజ్జు అన్నీ పోయినవాళ్లున్నారు. ఇక్కడి చెరువుల లెక్క ఇది. పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, లేదా అంతకు మించిన చెరువుకైతే నిండు నీటి హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకూ కుంటకూ 9 మీటర్లు వదిలిపెట్టాలి. ఆ నిండు హద్దునే ఎఫ్‌టీఎల్ అంటారు. చెరువుల పటాలు హెచ్ఎండీఏ వెబ్‌సైటులో ఉన్నాయి. పిల్లల చేత తీయించి చూడండి.

పటం లేకపోయినా వీధే చెబుతుంది. కాంపౌండు గోడల మీద అడుగు ఎత్తున మట్టి చార ఒకే వరుసలో ఉందా? గేట్ల ముందు జానెడు సిమెంటు కట్టలు కట్టుకున్నారా? రోడ్డు ఇంటి గడప కన్నా ఎత్తుగా ఉందా? పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేస్తూ పోతే ఇల్లు ఏటేటా కిందికి దిగిపోతుంది. కాలనీ పేరు కొత్తదైనా పాతవాళ్లు ఆ జాగాను ఏమనేవారో అడగండి. కుంట, వాగు, అలుగు, శిఖం అన్న మాట వినబడితే ఆగి ఆలోచించాల్సిందే. వీలైతే గట్టి వాన కురిసిన మర్నాడు వెళ్లి చూడండి. అంతకన్నా సాక్ష్యం లేదు.

బస్సు, బడి, ఆసుపత్రి

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితం అయింది. మంచిదే, కానీ బస్సంటూ రావాలి కదా! స్టాపు ఉందా అని కాదు, చివరి బస్సు ఎన్నింటికి అని అడగండి. మేడ్చల్‌కు 2023లో, ఘట్‌కేసర్‌కు 2024లో ఎంఎంటీఎస్ రైళ్లు మొదలయ్యాయి. అక్కడ ఇల్లు చూసేవారు రోజుకు ఎన్ని రైళ్లు, మనకు కావలసిన టైముకు ఉందా అని తెలుసుకోవాలి. "మియాపూర్ మెట్రోకు పదిహేను నిమిషాలే" అని ఎవరైనా అంటే, సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఒకసారి షేర్ ఆటోలో మీరే వెళ్లి చూడండి. ఆదివారం పదిహేను నిమిషాలు, సోమవారం గంట.

బడి బస్సు మన వీధిలోకి వస్తుందా, మెయిన్ రోడ్డు మీదే దింపేస్తుందా? అర్ధరాత్రి పిల్లాడికి జ్వరం వస్తే డాక్టరు ఉండే ఆసుపత్రి ఎంత దూరం? అత్తమామలు ఉన్న ఇంట్లో ఇది బంగారం కన్నా ముఖ్యం.

చీకటి పడ్డాక మరోసారి

పగలు చూసిన కాలనీని రాత్రి ఎనిమిది తర్వాత తప్పకుండా చూడండి. వీధి దీపాలు వెలుగుతున్నాయా? ఖాళీ ప్లాట్లు ఎన్ని? వాటిలో పొదలు, చెత్త, పాములు, కుక్కలు మామూలే. దారిలో వైన్ షాపు, దాని పక్కన పర్మిట్ రూము ఉంటే, ట్యూషన్ నుంచి ఆడపిల్ల ఒక్కతే నడిచి రాగలదా? దగ్గర్లో ఫంక్షన్ హాలు ఉంటే పెళ్లిళ్ల సీజనులో నిద్ర ఉండదు. పరీక్షల పిల్లలున్నవారు మరీ చూసుకోవాలి. ఫ్యాక్టరీల వైపైతే పగలు లేని ఘాటు వాసన రాత్రి పూట వస్తుందేమో గమనించండి.

కాగితాలు మనమూ చూడాలి

కొనేవారైతే "రిజిస్ట్రేషన్ అయింది, బ్యాంకు లోను వచ్చింది" అన్న మాటతో సంతోషపడకండి. 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా, ఆ సెప్టెంబరులో మా అమీన్‌పూర్ మండలంలోని కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడలలో ప్రభుత్వ స్థలంలో కట్టారంటూ ఇళ్లను కూల్చింది. అప్పు తెచ్చి కట్టిన ఇంటి విలువ ఏమిటో ఆ గృహిణులకే తెలుసు. అందుకే లింకు డాక్యుమెంట్లు, ఈసీ, సర్వే నంబరు, లేఅవుట్ అనుమతి అడగండి. ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో ఎనిమిదికి పైగా ఫ్లాట్లు కట్టి అమ్మేవారు రెరాలో నమోదు కావాలి. నోటరీ కాగితం మీద అమ్మే జాగా ఎంత చవకైనా వద్దు. లాయరు ఫీజుకు వెనుకాడొద్దు. మీ నగలు పెట్టి కొంటుంటే డాక్యుమెంటులో మీ పేరు కూడా ఉండాలని మొహమాటం లేకుండా చెప్పండి.

ముందు అద్దెకు ఉండండి

నా సలహా ఏమిటంటే, కొత్త ఊళ్లో దిగగానే కొనవద్దు. నచ్చిన కాలనీలోనే ఒక ఏడాది అద్దెకు ఉండండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక చలికాలం గడిస్తే ఏ ఏజెంటూ చెప్పనివి తెలుస్తాయి. మేమూ అలాగే ఉన్నాం. అదే కాలనీలో రెండో వీధి మెరుగని తెలిసింది అలాగే.

ఎవరిని, ఏమి అడగాలి?

• గేటు దగ్గర నిలబడ్డ గృహిణిని: నీళ్లు ఎప్పుడొస్తాయి? వేసవిలో ఎట్లా?
• కిరాణా కొట్టు ఆమెను: ఈ వీధిలో కిరాయివాళ్లు ఎందుకు ఖాళీ చేస్తున్నారు?
• ఇస్త్రీ బండి అతన్ని: వాన పడితే బండి ఎక్కడ పెడతావు?
• ఆటో అతన్ని: రాత్రి పదింటికి లోపలికి వస్తావా?
• వాచ్‌మన్ భార్యను: కరెంటు ఎన్నిసార్లు పోతుంది? దొంగతనాలు ఉన్నాయా?

వీళ్లెవరికీ మీ ఇంటి మీద కమీషను రాదు. కాబట్టి నిజమే చెబుతారు.

ఇరుగు పొరుగు మంచివాళ్లయితే సగం కష్టం తీరినట్టే. వాళ్లను ఎంచుకోవడం మన చేతిలో లేదు గానీ, పలకరించి చూడడం మన చేతిలోనే ఉంది. వచ్చే ఆదివారం ఇల్లు చూడడానికి వెళ్తుంటే ఒక ఖాళీ సీసా, ఒక చిన్న నోటుపుస్తకం సంచిలో వేసుకోండి. ఏజెంటు గారు గదులు చూపిస్తుంటే మా వారిలాంటి వారిని చూడనివ్వండి. మీరు మాత్రం అలా వీధి చివరి దాకా నడిచి రండి.