పురానాపూల్ ఎలా నిలబడింది?

షేక్‌పేట సరాయి వైపు నుంచి గోల్కొండ, కార్వాన్ దాటి వస్తే మూసీ తగులుతుంది. ఆ నది మీద గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో కట్టించిన రాతి వంతెనే పురానాపూల్. చార్మినార్, దాని చుట్టూ వెలసిన హైదరాబాద్ నగరం 1591 నాటివి. అంటే నగరం కంటే ముందే వంతెన వచ్చింది. పారిస్‌లో పాంట్ నఫ్ వంతెన పని మొదలైందీ 1578లోనే. 17వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రెంటినీ పోల్చి, అందంలో మూసీ వంతెన పెద్దగా తీసిపోదని రాశాడు.

పొడవు సుమారు 600 అడుగులు, కమానులు (విల్లులా వంచి కట్టిన రాతికట్టు) 22. రాయిని నొక్కితే ఎంతో బరువు ఓర్చుకుంటుంది, వంచితే విరుగుతుంది. అందుకే నదికి అడ్డంగా బండలు పరిస్తే చాలదు. ముందు కర్రతో సెంట్రింగ్ వేస్తారు. దాని మీద రెండు వైపుల నుంచీ రాళ్లు పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తిన చివరి రాయి బిగిస్తారు. తర్వాత సెంట్రింగ్ తీసేస్తారు. ప్రతి రాయీ కిందికి జారబోతుంది, పక్క రాళ్లు దాన్ని జారనివ్వవు. కమాను కాళ్లు పక్కలకు తన్నుతాయి, పక్క కమాను ఎదురు తన్నుతుంది.

రోమన్లదీ ఇదే కిటుకు. స్పెయిన్‌లో ట్రాజన్ చక్రవర్తి కాలపు అల్కాంతారా వంతెన మీద ఇప్పటికీ నడవొచ్చు. వాళ్లది అర్ధవృత్తం. మనది కొనదేలిన కమాను. ఎత్తు పెంచుకోవచ్చు కాబట్టి దీనికి పక్క తన్ను తగ్గుతుంది.

ఇలాంటి వంతెనకు అసలు ముప్పు కాళ్ల దగ్గర. వరద దిమ్మల కింద మట్టిని కోసుకుపోతుంది. 1820 వరదకు పురానాపూల్ దెబ్బతింటే నిజాం సికందర్ జా బాగు చేయించాడు. 1908 సెప్టెంబరు వరదలో మళ్లీ గాయపడింది, అయినా నిలిచింది.

ఇప్పుడు వాహనాలు పక్కనున్న కొత్త వంతెన మీద పోతున్నాయి. పాత వంతెన మీద కూరగాయల అంగళ్లు వెలిశాయి. బరువు తగ్గింది, కానీ రాతి కట్టడాలకు బరువు కంటే రావి మొక్కే ఎక్కువ ప్రమాదం. వేరు సందులో దూరి లావెక్కితే రాళ్లు ఎడమవుతాయి, ఒకదాన్నొకటి నొక్కే పట్టు పోతుంది. పైకొమ్మ నరికితే మళ్లీ చిగురిస్తుంది. వేరు చంపి, ఆ సందును డంగుసున్నంతో (ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం) నింపాలి. సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని రాయిని తినేస్తుంది.

మూసీ పునరుజ్జీవనం గురించి ప్రభుత్వం మాట్లాడుతున్న రోజులివి. నదిలో పూడిక తీయడం మంచిదే. కానీ ఈ దిమ్మల పక్కన ఎంత లోతు దాకా తవ్వవచ్చో, పునాదిని పరీక్షించిన ఇంజనీర్లు యంత్రాలు దిగకముందే చెప్పాలి.