పిల్లియున్న ఇంట ఎలుకల నివారణ

పిల్లిని పెంచుకొన్న ఇంట ఎలుక యుండదని పలువురు నమ్ముదురు. ఈ నమ్మకములో సగపాలు మాత్రమే నిజము కలదు. కంటబడిన ఎలుకను పిల్లి వెంటాడును, చిక్కినచో చంపును. కాని అటకమీది పాతసామానుల నడుమను, గోడ బీటలలోను, బియ్యపు డబ్బాల వెనుకను కాపురముండు ఎలుక పిల్లికి చిక్కునా? న్యూయార్కు నగరమందలి ఒక చెత్త కర్మాగారములో పరిశోధకులు 79 దినములు కెమెరాలతో ఈ విషయమును గమనించి, 2018లో తమ ఫలితములను ప్రకటించిరి. అన్ని దినములలో అచటి పిల్లులు చంపిన పెద్ద ఎలుకలు రెండే! పిల్లి తిరుగు వేళలందు ఎలుకలు బయటికి వచ్చుట తగ్గినది గాని, అవి ఆ చోటు విడిచిపోలేదు. ఎలుక కనబడకుండుట వేరు, లేకుండుట వేరు.

ఇక ఎలుకల సంతానవృద్ధి ఎట్టిదో చూతము. మన ఇండ్లలో తిరుగు చిట్టెలుక మూడు వారములు గర్భము మోసి, ఒక్కొక్క కాన్పున అయిదారు పిల్లలను కనును. ఆ పిల్లలు ఇంచుమించు ఆరు వారములకే తామును సంతానమునకు సిద్ధమగును. ఒక్క చిట్టెలుక దినమునకు తినునది మూడు గ్రాముల గింజలే. కాని అది తినినదానికంటె చెరచినది ఎక్కువ. దినమునకు ఏబదికి పైగా పెంటికలు వేయును, నడిచిన దారి పొడవునను మూత్రము విడుచును. లెప్టోస్పైరోసిస్ అను జ్వరము ఎలుకల మూత్రమువలన వ్యాపించునదే. కావున ఎలుకలను ఇంటినుండి తొలగింపక తప్పదు. అయితే తొలగించు విధానము పిల్లికిని, పసిబిడ్డలకును హాని చేయనిదై యుండవలెను.

ఎలుక యనగానే అంగడికి పోయి మందు తెచ్చుట మనలో చాలమందికి అలవాటు. ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొన్నట్లు అన్న సామెత ఇచట సరిగా అతుకును. మందు తినిన ఎలుక వెంటనే చావదు. అది మత్తుగా, నెమ్మదిగా నడుచుచుండగా పిల్లికి సులభముగా చిక్కును. పిల్లి దానిని తినినచో ఎలుక కడుపులోని విషము పిల్లి కడుపులో చేరును.

ఈ మందులు ముఖ్యముగా రెండు తెగలు. మొదటిది రక్తమును గడ్డకట్టనీయని తెగ. ఇందులో వార్ఫరిన్ అనునది 1948నుండి ఎలుకల మందుగా వాడుకలోనికి వచ్చినది. పదేండ్లు గడచునప్పటికి, 1958లో, స్కాట్లండు దేశమున దానికి లొంగని ఎలుకలు బయలుదేరినవి. అందువలన బ్రోమడియొలోన్ వంటి మరింత తీవ్రమైన మందులను తయారు చేసిరి. ఇవి ఎలుక కాలేయములో బహుకాలము నిలిచియుండును. పిల్లి అట్టి ఎలుకలను పలుమారులు తినుచున్నచో విషము కొంచెము కొంచెముగా పోగుపడును. రెండవది జింకు ఫాస్ఫైడు అను నల్లని పొడి. అది కడుపులోని ఆమ్లముతో కలిసి ఫాస్ఫీన్ అను విషవాయువును పుట్టించును. దీనికి విరుగుడు లేదు. ఇవిగాక పచ్చభాస్వరము కలిసిన ముద్దమందు కూడ కలదు. అది మనుష్యుల కాలేయమును సైతము చెరచి ప్రాణము తీయునట్టిది. పసిబిడ్డలు తిరుగాడు ఇంట దానిని ఉంచనే రాదు. జిగురు అట్టలును మంచివి కావు. వాటికి చిక్కిన ఎలుక గంటలకొలది బాధపడి చచ్చును, పిల్లి కాలో మీసమో అంటుకొన్నను యాతనయే. కలరా ఉండలు, పుదీనా తైలము వంటివి చల్లినచో ఎలుకలు పోవునని కొందరందురు. పిల్లి కాలేయమునకు ఇట్టి పదార్థములను విరిచివేయు శక్తి తక్కువ. కావున అవి ఎలుకకంటె ముందు పిల్లికే చేటు చేయును.

మరి చేయవలసిన దేమి? మొదట ఎలుకకు ఆహారము దొరకకుండ చేయవలెను. బియ్యము, పప్పులు, వేరుసెనగలు మూతబిగువుగల రేకు డబ్బాలలో ఉంచవలెను. గోనెసంచి ఎలుక పంటికి అడ్డు కాదు. ఇచట గృహిణులు గుర్తింపని విషయ మొకటి కలదు. రాత్రివేళ పిల్లికి పెట్టి వదలిన పాలన్నమే ఎలుకలను ఇంటికి పిలుచుచుండును. పిల్లికి వేళకు పెట్టి, అరగంటకు పళ్ళెము తీసి కడుగవలెను. కడుపు మాడ్చినచో పిల్లి బాగుగా వేటాడునను మాట నమ్మరాదు. కడుపు నిండిన పిల్లియు వేటాడును. ఆకలిగొన్న పిల్లి మాత్రము విషము తిన్న ఎలుకనైనను వదలక తినును.

పిమ్మట దారులు మూయవలెను. పెన్సిలు దూరునంత సందు చాలును, చిట్టెలుక లోనికి వచ్చును. తూములు, గొట్టములు గోడలో చొచ్చిన చోట్లు, తలుపు క్రింది సందులు ఒక్కొక్కటిగా పరిశీలింపవలెను. గుడ్డపేలికలు కుక్కుట నిష్ప్రయోజనము. ఎలుక వాటిని కొరికి గూటికి పనికి తెచ్చుకొనును. ఇనుప పీచు గట్టిగా దట్టించి, పైన సిమెంటు మెత్తవలెను. తలుపు అడుగున రేకుపట్టీ కొట్టింపవలెను. వరికోతలు ముగిసి పొలములలో తిండి తగ్గు దినములకు ముందే ఈ పని చేసికొనుట మేలు.

లోపల మిగిలిన ఎలుకలను బోనులతో పట్టవలెను. చిట్టెలుక సామాన్యముగా తన గూటికి కొలది గజముల దూరములోనే తిరుగుచు, గోడవెంబడి నడచును. కావున పెంటికలు కనబడిన చోట గోడ నానించి నాలుగైదు బోనులు ఒక్కసారిగా పెట్టవలెను. ఎండుచేప ఎరగా పెట్టినచో పిల్లియే ముందుగా వచ్చును. ఎండుకొబ్బరి ముక్కగాని నూరిన వేరుసెనగ ముద్దగాని మంచిది. తీగెల బోను పిల్లికి అపాయము లేనిది. స్ప్రింగు బోను వాడదలచినచో మూరెడు పొడవుగల గట్టి చెక్కపెట్టె చేయించి, ఒక కొనను బొటనవ్రేలు దూరునంత రంధ్రము పెట్టి, రెండవ కొనను బోను నుంచవలెను. పిల్లి పంజా అంత దూరము అందదు. పెట్టెపై ఒక రాయి పెట్టినచో దానిని దొర్లింపనులేదు. బోనులను ప్రతి ఉదయమును తప్పక చూడవలెను.

ఎలుకల పెంటికలను పొడిగా ఊడ్చరాదు, ఆ ధూళి మన ముక్కులలో చేరును. బ్లీచింగు పొడి కలిపిన నీటితో తడిపి తుడిచి, తరువాత మంచినీటితో కడిగి ఆరబెట్టి, ఆపైననే పిల్లిని అచటికి రానీయవలెను. ఫినాయిలు వాడరాదు. పిల్లి తన పాదములను నాకుకొనును గదా!

ఎలుకను తినిన పిల్లికి టాక్సోప్లాస్మా అను సూక్ష్మజీవి సోకుట కలదు. అట్టి పిల్లి మలములో ఆ జీవి కొన్ని వారములపాటు వెలువడును. అది మలముతో బయటపడిన ఒకటి మొదలు అయిదు దినములకు గాని ఇతరులకు సోకు శక్తి పొందదు. కావున పిల్లి మలమును ఏ దినమున కా దినము తీసివేసినచో చాలవరకు భయము తొలగును. గర్భవతులు మాత్రము ఆ పని ఇతరులకు ఒప్పగించుట క్షేమము.

ఇరుగుపొరుగువారు మందు పెట్టిరేమో యని కూడ కనుక్కొనుచుండవలెను. పిల్లికి గోడ యొక్క సరిహద్దు లేదు. అది డీలాపడుట, చిగుళ్ళు తెల్లబడుట, ముక్కునుండిగాని మలములోగాని రక్తము పడుట, ఆయాసము వంటివి కనబడినచో ఆలస్యము కూడదు. రక్తము గడ్డకట్టనీయని మందు గుణము మూడు నాలుగు దినముల తరువాతగాని బయటపడదు. లక్షణములకై వేచియుండక, విషము తినినదను అనుమానము కలిగిన క్షణముననే మందు పొట్లముతో సహా పశువైద్యుని కడకు పోవలెను. కె1 విటమినుతో వారముల తరబడి చికిత్స చేసి బ్రతికించుట సాధ్యమే. ఇంట ఉప్పునీరు పోసి వాంతి చేయింపరాదు, ఉప్పే విషమగును. జింకు ఫాస్ఫైడు అయినచో ఆహారమును పెట్టరాదు. వాంతినుండి వెలువడు వాయువు మనకును హానికరము గనుక కిటికీలు తెరచియుంచవలెను.

మేము చెప్పిన వాటిలో ఖర్చుతో కూడిన పనులు తక్కువ, ఓపికతో కూడినవి ఎక్కువ. మందు ఒక రాత్రిలో పెట్టవచ్చును. సందులు మూయుటకు ఒక ఆదివారమంతయు పట్టును. అయినను మూసిన సందు ఏడాది పొడవునను కాపలా కాయును. ఆ కాపలాకు తోడుగా పిల్లి ఇంట నిర్భయముగా తిరుగాడవచ్చును.